పలకల గనిలో కత్తీ, తుపాకీ

ఫైట్ మాస్టర్‌గా బతికినన్నాళ్ళూ నేను మనుషుల్ని గాల్లోకి లేపాను. నడుముకు తాడు కట్టి లేపాను, స్ప్రింగు బల్ల మీంచి ఎగరేశాను, అద్దాల్లోంచి దూకించాను, కూరగాయల బండ్ల మీద పడేశాను. హీరో చెయ్యి విసరగానే పదిమంది చెల్లాచెదురైపోయారంటే ఆ పదిమందికీ తాళ్ళు బిగించింది నాలాంటివాళ్ళే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీరు చేసినవాటిల్లో గొప్ప ఫైటు ఏది?" అని అడుగుతారు. నేను చెప్పే ఫైటులో ఒక్క దెబ్బ కూడా పడదు. నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. కానీ వినండి. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మాది తర్లుపాడు దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడే మద్రాసు వెళ్ళిపోయి, తర్వాత పరిశ్రమతోపాటు హైదరాబాదు చేరాను. మోకాలు అరిగి, ఇక చాలు అనుకుంటున్న రోజుల్లో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మొదటి సినిమా తీస్తోందట. ఫైట్ మాస్టర్ కావాలట.

"ఎక్కడమ్మా షూటింగు?" అన్నాను.

"మార్కాపురం పలకల గనుల్లో, మాస్టారూ."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా సర్వీసులో స్విట్జర్లాండు మంచు చూశాను, రాజస్థాన్ ఇసుక చూశాను. మా ఊరి పక్కనున్న పలకల గనికి కెమెరా వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. మాది తర్లుపాడని చెప్పగానే ఆ అమ్మాయి, "అట్లనా! మాది బేస్తవారిపేట కాడ. అయితే మాస్టారనేది లేదు, పెదనాయనా అనే పిలుస్తా" అంది. అప్పుడే ఒప్పేసుకున్నాను. కథ తర్వాత అడిగాను.

కథ విన్నాక కాస్త కంగారుపడ్డాననే చెప్పాలి. ఎవరి దగ్గరా కొలువు లేని ఒక కత్తివీరుడు. డబ్బిస్తే ఎవర్నయినా కాల్చే ఒక తుపాకీవాడు. నీళ్ళులేని ఒక గనుల ఊరు. ఈ ఇద్దరూ ఆ ఊళ్ళో ఎదురుపడతారు. అదీ సినిమా. జపాన్ సమురాయ్ సినిమానీ, ఇటలీవాళ్ళ కౌబాయ్ సినిమానీ కలిపి మార్కాపురంలో తీస్తానంటోంది.

మార్కాపురం లాడ్జిలో పగటిపూటే కర్టెన్లు వేసి, లాప్‌టాప్‌లో నాకు పాఠం చెప్పింది. ఇంజనీరింగు హాస్టల్లో నాలుగేళ్ళు చదువుకన్నా ఎక్కువగా ఆ పాత సినిమాలే చూసిందట. "ఈ కౌబాయ్ సినిమాలు అమెరికావోళ్ళవి కాదు పెదనాయనా, ఇటలీవోళ్ళు తీసినారు. అందుకే వీటికి వాళ్ళ తిండి పేరు పెట్టి స్పఘెట్టి వెస్టర్న్ అంటారు. మన సేమ్యా లాంటిది. జపానోళ్ళ కథల్లో కత్తి తీసేసి తుపాకి పెట్టినారు. ఆ జపానోళ్ళేమో అంతకుముందే అమెరికా గుర్రాల సినిమాలు చూసి నేర్చుకున్నారు. ఒకరి కాడ ఒకరు తెచ్చుకున్నదే అంతా. మనం కూడా తెచ్చుకుందాం, తప్పేముంది?"

మన తెలుగులోనూ ఒకప్పుడు టోపీలు పెట్టుకుని గుర్రాలెక్కిన హీరోలు ఉన్నారు. ఆ సినిమాలు చూసే నేను మద్రాసు బండెక్కాను. కాబట్టి తుపాకీ నాకు కొత్త కాదు. కత్తి సినిమాలు కొత్త. తెరమీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. గడ్డి ఊగుతోంది. నేను రెండుసార్లు ఆవలించాను. మూడో ఆవలింత మధ్యలో ఒక్క వేటు, ఒకడు కూలిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెంటనే ఇటలీ సినిమా పెట్టింది. అందులోనూ అంతే. కళ్ళు, చెయ్యి, దుమ్ము, మళ్ళీ కళ్ళు. ఒక్కసారి ఢాం.

"రెండూ ఒకటే ఫైటు గదా తల్లీ!" అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అదే పెదనాయనా! రెండిట్లోనూ ఫైటంటే ఎదురుచూడ్డమే. మా నాయన కూలికి పొయ్యేవాడు. వాన పడితేనే పని. ఆదివారం చర్చిలో వాన కోసరం ప్రార్థన, సోమవారం గట్టు మీద కూసోని మబ్బుల్ని చూడ్డం. ఎదురుచూడ్డం మీద సినిమా తీయాలంటే మనకన్నా ఎవురికి చాతనైతది?"

ఇంత విని కూడా నేను చేసిందేమిటంటే, అలవాటు కొద్దీ ఒక పెద్ద ఫైటు కంపోజ్ చేశాను. కత్తివీరుడు గని గోడ మీద అడ్డంగా పరుగెత్తుతాడు, తాడు మీద తిరిగివస్తాడు, తుపాకీవాడి టోపీని గాల్లోనే రెండు ముక్కలు చేస్తాడు. నా కుర్రాళ్ళతో మొత్తం చేయించి చూపించాను. డైరెక్టరమ్మ శ్రద్ధగా చూసింది, చప్పట్లు కొట్టింది, నా కుర్రాళ్ళందరికీ మజ్జిగ పోయించింది. తర్వాత నా పక్కకు వచ్చి, "శానా బాగుంది పెదనాయనా. ఇదంతా తీసేద్దాం" అంది.

నాకు కోపం వచ్చిందా? వచ్చింది. ఒక పూట అన్నం తినలేదు. సాయంత్రానికి ఆకలేసి కోపం పోయింది.

ఇక నటుల సంగతి. కత్తివీరుడి వేషానికి గిద్దలూరు వైపు నుంచి ఒక పద్యనాటకాల ఆర్టిస్టును తెచ్చింది. అరవై దాటిన మనిషి. పగలు సేద్యం, పండగలకూ పబ్బాలకూ స్టేజీ మీద రాజు వేషాలు. ఆయన నడక చూసి ఎంచుకుందట. ఆయన నన్ను చూడగానే "అల్లుడా" అన్నాడు, నేను "మామా" అన్నాను, వరస కుదిరిపోయింది. అంతవరకు బాగానే ఉంది. కానీ సినిమా మొత్తంలో ఆ పాత్రకు ఒక్క మాట కూడా లేదు! నలభై ఏళ్ళు గొంతు మీద బతికిన మనిషికి మూగనోము.

మొదటిరోజు రిహార్సల్లో కత్తి దూయమన్నాను. కత్తి ఒరలోంచి సగం వచ్చేసరికి మామ నోరు తెరుచుకుంది. "ఆ…" అంటూ రాగం అందుకున్నాడు.

"మామా, రాగం వద్దు."

"నేను తియ్యలా అల్లుడా. కత్తి తీస్తే అదే వస్తాంది."

నిజమే. చెయ్యి పైకి లేస్తే గొంతు కూడా లేవడం ఆయనకు అలవాటైపోయింది. చివరికి నోట్లో ఒక లవంగం పెట్టి పళ్ళ మధ్య పట్టుకోమన్నాను. రాగం ఆగింది. రెండో సమస్య కాళ్ళు. స్టేజీ రాజులు అడుగు ఎత్తి ఎత్తి వేస్తారు. ఇక్కడ కాలు నేలను వదలకూడదు, జరగాలి. అది వారంలో పట్టేశాడు, మడిలో దిగినట్టు జరుగుతాననుకుంటే సరిపోయిందట. మూడోది మాత్రం ఎంతకీ రాలేదు. కత్తిని చూడకుండా తిరిగి ఒరలో పెట్టడం. సమురాయ్ సినిమాల్లో అదొక అందం. ఎదుటివాడి మీంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా, నీళ్ళు ఒంపినట్టు కత్తి ఒరలోకి జారిపోవాలి. మామ పెడితే ఒకసారి బొటనవేలికి తగిలేది, ఒకసారి పంచె కుచ్చిళ్ళలోకి పోయేది. అల్యూమినియం కత్తి కాబట్టి బతికిపోయాం. "ఆ షాటు లేకుండా తీద్దాంలే పెదనాయనా" అని డైరెక్టరమ్మ కూడా వదిలేసింది.

తుపాకీవాడి వేషానికి హైదరాబాదు నుంచి పేరున్న విలన్ వచ్చారు. నాకు ముప్పై ఏళ్ళ పరిచయం. నా చేతుల మీదుగా ఎన్నిసార్లు చచ్చారో ఆయనకే గుర్తులేదు. మంచి మనిషి, కానీ గుర్రమంటే భయం. ఆ సంగతి ఒప్పుకునేటప్పుడు చెప్పలేదు. పైగా మాకు దొరికిన గుర్రం మార్కాపురంలో పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రం. చప్పట్లు వినబడితే చాలు, నాట్యం మొదలుపెట్టేది. షూటింగులో ప్రతి షాటుకూ ముందు క్లాప్ కొడతాం కదా. క్లాప్ పడగానే గుర్రం ముందుకాళ్ళు ఎత్తి తకధిమి తకధిమి! పైన విలన్ గారు టోపీ పట్టుకుని, "మాస్టారూ, దీన్ని ఆపండి మాస్టారూ!" అని అరుపులు. ఆపైన ఆ గుర్రం పలకరాయి ముక్కల మీద ఒక్క అడుగు కూడా వెయ్యనంది. చివరికి క్లాప్ మానేశాం, గుర్రం మీద రావడం మానేశాం. తుపాకీవాడు గుర్రాన్ని గని దారి మొదట్లోనే కట్టేసి నడిచి వస్తాడని కథ మార్చుకున్నాం. నమ్మండి, అదే బాగుంది. గనిలో పనికిరాక పారేసిన పలకముక్కలు గుట్టలుగా ఉంటాయి. వాటి మీద బూటు పడితే కరక్కు కరక్కుమని చప్పుడు. సౌండ్ రికార్డు చేసే అబ్బాయి అది విని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

దుస్తుల సంగతి చెబితే మీరూ సంబరపడతారు. ఇటలీ సినిమాల్లో తుపాకీవాడు భుజాల మీంచి ఒక దుప్పటి కప్పుకుంటాడు. డైరెక్టరమ్మ దానికోసం ఎక్కడికీ పోలేదు. గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన దగ్గర గొంగడి అడిగి తెచ్చింది. కత్తివీరుడికి మన కుచ్చిళ్ళ పంచె, నల్ల రంగు అద్దినది. గడ్డం, జుట్టు అతికించారు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఏ దేశమో చెప్పలేం, కానీ మన మన్నేనని మాత్రం తెలిసిపోతుంది. గొంగడి ఇచ్చిన పెద్దాయన మటుకు రోజూ గొర్రెల్ని వెంటేసుకుని సెట్టుకు వచ్చేవాడు. సినిమా కోసం కాదు. "నా గొంగడిని ఏం జేస్తారోనని" అనేవాడు.

ఆ గని యజమానే మాకు నిర్మాత. డైరెక్టరమ్మ మీద నమ్మకం ఉంది కానీ ఒక్క విషయంలో మాత్రం పట్టు వదలలేదు. "అమ్మా, నువ్వు ఎంతసేపైనా నిలబెట్టుకో వాళ్ళను. కానీ ఆఖర్న కత్తి దిగాల. కత్తి తీసినాక రక్తం రాకపోతే జనం కుర్చీలు ఇరగ్గొడతారు."

"దిగుతదిలే" అని ఆమె మాటిచ్చింది.

ఆఖరి పోరాటం తీసే రోజు వచ్చింది. మృగశిర కార్తె పొడిగా పోయింది, ఆరుద్ర కూడా పొడిగానే నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళల్లో దుక్కులు దున్ని, విత్తనాలు మూటగట్టి, జనం ఆకాశం వైపు చూస్తున్నారు. పనిలేదు కాబట్టి అంతా మా షూటింగుకే వచ్చారు. గని అంచు పొడుగునా మనుషులే. నిండుగా ఉన్న స్టేడియం మధ్యలో ఉన్నట్టుంది నాకు.

మేం తయారుచేసుకున్నది దుమ్ము సీను. బస్తాల నిండా ఎర్రమన్ను, పెద్ద ఫ్యాన్లు. ఇద్దరు నిలబడతారు, దుమ్ము లేస్తుంది, తుపాకీ పేలుతుంది, గురి తప్పుతుంది, ఒకే ఒక్క వేటు. ఆ వేటు కోసం నెల రోజులుగా మామ చెయ్యి నేను సానపట్టాను. మామ నోట్లో లవంగం పెట్టుకున్నాడు. విలన్ గారు గొంగడి సర్దుకుని, "వాసన భరించలేకపోతున్నాను మాస్టారూ, తొందరగా చంపించెయ్యండి నన్ను" అన్నారు.

డైరెక్టరమ్మ గుర్రం బెదరకుండా గుసగుసగా "యాక్షన్" అంది.

ఇద్దరూ నిలబడ్డారు. ఫ్యాన్లు ఇంకా వెయ్యలేదు. అయినా దుమ్ము లేచింది.

ముందు నాకు అర్థం కాలేదు. ఫ్యాన్ల అబ్బాయిల వైపు కోపంగా చూశాను. వాళ్ళు చేతులు చాపి "మేం కాదు" అన్నారు. తలతిప్పి పడమటికి చూస్తే నల్లమల కొండలు కనబడటం లేదు. కొండలుండాల్సిన చోట నల్లటి గోడ ఒకటి లేచి మా వైపు వస్తోంది. గాలిదుమారం! మా ఎర్రమన్ను బస్తాలు నవ్వులాటకు కూడా పనికిరావు. గనిలోని బూడిదరంగు పొడంతా సుడితిరిగి లేచింది. విలన్ గారి గొంగడి జెండాలా కొట్టుకుంటోంది. మామ పంచె కాళ్ళకు చుట్టుకుంటోంది. ఇద్దరూ కదల్లేదు. విలన్ గారు కదలకపోవడం అనుభవం. మామ కదలకపోవడం వేరు. "కట్ అనేదాకా రాయి మాదిరి ఉండు" అని నేను చెప్పాను, ఆయన ఉన్నాడు, అంతే.

కెమెరా అబ్బాయి డైరెక్టరమ్మ వైపు చూశాడు. ఆమె చెయ్యెత్తి, ఆపొద్దని సైగ చేసింది.

అప్పుడు మొదటి చినుకు పడింది. పలక మీద పడిన చినుకు ఎలా ఉంటుందో తెలుసా? బూడిదరంగు రాయి మీద నల్లటి చుక్క. ఒకటి, పది, ఇక చూస్తుండగానే గని మొత్తం నల్లగా నిగనిగలాడిపోయింది. గని అంచు మీంచి జనం పెట్టిన కేక ఉరుముకన్నా పెద్దది. దుమ్ములో వాన, వానలో దుమ్ము! జపానోళ్ళ కత్తి సినిమాల్లో కురిసే వానా, ఇటలీవాళ్ళ దుమ్మూ ఒకే షాటులో, ఎవరూ చెప్పకుండా, ఎవరూ పిలవకుండా!

కానీ నేను ఫైట్ మాస్టర్ని. నా మెడలో ఒక విజిల్ ఉంటుంది. అది ఊదితే డైరెక్టరు కాదనడానికి లేదు, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. తడిసిన పలక సబ్బుబిళ్ళకన్నా అన్యాయం. పగిలిన అంచులు బ్లేడుల్లా ఉంటాయి. ఒకరు అరవై దాటిన మనిషి, ఇంకొకరివి మడమ బూట్లు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. డైరెక్టరమ్మ నా వైపు తిరిగింది. జుట్టంతా తడిసి మొహాన్ని అంటుకుపోయింది. ఆపమనలేదు, వద్దనలేదు. నిర్ణయం నాకే వదిలేసి చూస్తోంది.

అప్పటికే మామ కత్తి దూసి ముందుకు కదిలాడు. నేను ఆయన కాళ్ళ వైపు చూశాను. కాళ్ళు జరుగుతున్నాయి. ఎత్తడం లేదు. మడిలో దిగినవాడిలా, బురద లోతు తెలిసినవాడిలా జరుగుతున్నాయి. విజిల్ నోట్లోంచి తీశాను.

విలన్ గారు గొంగడి వెనక్కి తోసి తుపాకీ తీశారు. నొక్కారు. టిక్. మందు తడిసిపోయింది, పేలలేదు. ఆయన మొహంలో కనబడిన ఆశ్చర్యం నటన కాదు, నాకు తెలుసు. మళ్ళీ నొక్కారు. టిక్. సరిగ్గా అప్పుడు ఉరిమింది. పెళ్ళి గుర్రానికి అది ఏ బ్యాండుమేళంలా వినబడిందో ఏమో, పగ్గం తెంచుకుని తర్లుపాడు దారి పట్టింది. విలన్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. మడమ బూటు జారింది. వెల్లకిలా పడ్డారు. టోపీ దొర్లుకుంటూ పోయింది.

మామ కత్తి ఎత్తే ఉంది. నెల రోజులు నేను నేర్పిన వేటుకు అందే దూరంలోనే విలన్ గారు ఉన్నారు. విలన్ గారు లేవబోయారు, మళ్ళీ జారారు. చెయ్యి ఊని లేవబోయారు, మళ్ళీ జారారు. మామ చూస్తూ నిలబడ్డాడు.

కత్తి దించాడు. ఎదుటివాడి మీంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా, నీళ్ళు ఒంపినట్టు ఆ కత్తిని ఒరలోకి జార్చాడు. బొటనవేలికి తగల్లేదు, పంచెకు తగల్లేదు. నెల రోజుల్లో ఒక్కసారి కూడా రానిది, ఆ వానలో, ఆ జారుడులో వచ్చింది! తర్వాత జరుగుతూ ముందుకుపోయి, వంగి, కుడిచెయ్యి చాపాడు.

విలన్ గారు ఆ చేతివైపు చూశారు. ఎన్నో ఏళ్ళుగా నా చేతిలో చచ్చిన మనిషికి, బతకమని చెయ్యి చాపిన సీను అదే మొదటిదేమో. పట్టుకుని లేచారు. లేచి, అలవాటుగా టోపీ అంచు తాకబోతే టోపీ లేదు. ఉత్త నుదుటినే రెండు వేళ్ళతో తాకారు. మామ తలవంచాడు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు, వానలోకి నడుచుకుంటూ పోయారు.

డైరెక్టరమ్మ కట్ చెప్పలేదు. చెప్పలేకపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చివరికి నేనే విజిల్ ఊదాను.

పైకి చూస్తే గని అంచు మీద ఒక్క మనిషి లేడు. వాన గట్టిపడగానే అందరూ పొలాలకు పరుగెత్తారు. గొంగడి పెద్దాయన కూడా గొంగడి మాట మరిచిపోయి గొర్రెల వెంట పోయాడు.

నేను మామ దగ్గరికి పరుగెత్తాను. "ఏంది మామా, వేటు వెయ్యలేదు?"

మామ లవంగం ఉమ్మేశాడు. "లేస్తాడేమోనని చూసినా అల్లుడా. లేయలేకపోయినాడు. లేపకుండా ఎట్ల?"

"మరి కత్తి ఎందుకు లోపల పెట్టినావు?"

"కుడిచెయ్యి ఇయ్యాల గదా. ఎడమచెయ్యి ఎట్ల ఇస్తాం?" అని, నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "తప్పు చేసుంటే మళ్ళా తీద్దువుగాని. నన్ను మాత్రం ఇప్పుడు వదిలెయ్యి. నేల పదును పోకముందే కంది ఇత్తుకోవాల."

గడ్డం, జుట్టు, నల్లపంచె, ఒరలో కత్తితో సహా అలాగే రోడ్డెక్కి గిద్దలూరు బస్సు ఎక్కేశాడు. కండక్టరు కత్తిని చూసి దిగమన్నాడట. మామ ఒక పద్యం అందుకునేసరికి బస్సులో ఎవరో గుర్తుపట్టి సీటు ఇచ్చారట.

నిర్మాత ఆ వాన షాటును చూసి తల పట్టుకున్నారు. "ఇదేందమ్మా? చేతులు కలిపి పంపించినారు! ఇది పోరాటమా, పెళ్ళిచూపులా?" మాటిచ్చింది కాబట్టి డైరెక్టరమ్మ ఎదురుచెప్పలేదు. మామ విత్తనాలు వేసుకుని వచ్చాక, పొడి ఎండలో ఆ వేటు తీశాం. అబద్ధం చెప్పను, అది నేను పెట్టిన అతి గొప్ప ఫైటు. ఒక్క కదలిక. గాలి తెగిన చప్పుడు వినబడింది. విలన్ గారు ఎంత అందంగా చచ్చారంటే, సెట్టంతా చప్పట్లు కొట్టాం. వెతికి పట్టితెచ్చిన గుర్రం కూడా దూరంగా నాట్యం చేసింది.

తర్వాత రెండు ముగింపులనూ పక్కపక్కన వేసి నిర్మాతకు చూపించారు. నేనూ ఉన్నాను. ముందు వేటు, తర్వాత వాన. లైట్లు వెలిగాయి. ఆయన నా వైపు తిరిగి, "అన్నా, ఏమనుకోవద్దు" అన్నారు. అంతే, నా గొప్ప ఫైటు ఎవరూ చూడకుండానే పోయింది. నేనేమీ అనుకోలేదు. అనుకోవడానికి నోరెక్కడిది? వాన చూస్తూ నేనూ కళ్ళు తుడుచుకున్నవాణ్ణే.

పిల్లలూ, మీకు తాళ్ళు కట్టడం నేర్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఎప్పుడు విజిల్ ఊదాలో కూడా పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఎప్పుడు నోట్లోంచి తీసెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేరు. ఎదుటివాడి కాళ్ళు చూడండి. నాకు తెలిసింది అంతే.

సినిమా పెద్ద ఊళ్ళల్లో వారం తిరగకుండానే తీసేశారు. మార్కాపురంలో మాత్రం ఆడింది. మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు నేనూ మామా జనం మధ్యలో కూర్చున్నాం. గడ్డం, జుట్టు లేవు కాబట్టి మామను ఎవరూ గుర్తుపట్టలేదు. ఆఖరి సీను వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు. దుమ్ము. ఎవడైనా ఇప్పుడు "ఏందిరా ఇది" అని అరుస్తాడని బిగుసుకుపోయి ఉన్నాను.

పలక మీద మొదటి చినుకు పడింది. వెనక వరసలోంచి ఒక ఈల. ఇంకొకటి. క్షణంలో హాలంతా ఈలలు! నా సర్వీసులో హీరో ఎంట్రీకి విన్నాను, ఫైటుకు విన్నాను, వానకు ఈలలు వెయ్యడం అదే మొదటిసారి చూడటం. ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. "అదేరా, ఆరుద్రలో పడిన వాన! ఆ పదునుకే మనం కంది ఇత్తినాం!" అని ఒకాయన పక్కవాడి వీపు చరుస్తున్నాడు.

తుపాకీ పేలలేదు. తుపాకీవాడు పడ్డాడు. ఈలలు ఆగిపోయాయి. కత్తి ఎత్తి ఉంది. ఇంతమంది జనంలో ఒక్క దగ్గు లేదు. కత్తి ఒరలోకి జారింది, చెయ్యి ముందుకు సాగింది.

చీకట్లో మామ నా మోచెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగి, "అల్లుడా, నిజం చెప్పు, నేను ఆడ తప్పు చేసినానా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపే వెనక సీట్లోని ఆడమనిషి ముందుకు వంగి మామ భుజం మీద గట్టిగా తట్టింది. "ఏందయ్యా ఆ మాటలు! తెరమీద ఆయన ఎంత కమ్మగా నోరు మూసుకోని ఉన్నాడో చూడు. చూసి నేర్చుకో!"

మామ వెంటనే నోరు మూసుకుని నిటారుగా కూర్చుని, సినిమా చూశాడు.